రెండు యాంప్‌లు, ఒకే క్యాబినెట్: కేబుల్ మార్చాలా, స్విచ్చర్ కొనాలా?

బెంగళూరు మారతహళ్లిలో మా ప్రాక్టీస్ గది చిన్నది. రెండు ట్యూబ్ గిటార్ యాంప్‌లకూ కలిపి ఒకటే 8 ఓమ్‌ల క్యాబినెట్, అంటే స్పీకర్ పెట్టె.

చేత్తో కేబుల్ మార్చుకుంటే పైసా ఖర్చు లేదు. కానీ ప్రతిసారీ యాంప్ ఆపి, ప్లగ్ పీకి, రెండోదానికి పెట్టాలి. పాట మధ్యలో కుదరదు. పైగా స్పీకర్ తగిలించకుండా ట్యూబ్ యాంప్ వాయిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. మొన్న మా తమ్ముడు వేలాడుతున్న ప్లగ్ చూసుకోకుండా స్విచ్ వేయబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. ఆ టెన్షన్ ఇంకా పోలేదు.

స్విచ్చర్ అంటే క్యాబినెట్‌ను ఒక యాంప్ నుంచి ఇంకోదానికి మార్చే పరికరం. దానికైతే కాలితో ఒక్క నొక్కు చాలు. నా ఓటు దీనికే. అయితే వాడని యాంప్‌కు డమ్మీ లోడ్ (స్పీకర్ బదులు తగిలే లోడ్) ఇచ్చే రకమే తీసుకోండి. రెండు యాంప్‌ల అవుట్‌పుట్‌లను కలిపేసే వై కేబుల్ మాత్రం వద్దే వద్దు. ఏ పద్ధతిలోనైనా గిటార్ కేబుల్ కాదు, స్పీకర్ కేబులే వాడాలి.