తుపాను తాకే కరెంటు లైన్లు: వరుసగా చూడాలా, ముప్పును బట్టి చూడాలా? ఏది మేలు?

తుపాన్ల దారిలో ఉన్న లైన్ల మెయింటెనెన్స్‌కి రెండు పద్ధతులున్నాయి. ఒకటి, క్యాలెండర్ పెట్టుకుని ఫీడర్లన్నీ, అంటే సబ్‌స్టేషన్ నుంచి బయల్దేరే లైన్లన్నీ, వరుసగా చూసుకుంటూ పోవడం. రెండోది, ఏ స్తంభం పడిపోయేలా ఉంది, అది పడితే ఎంతమందికి కరెంటు పోతుంది అని లెక్కేసి ముందు దాని పని పట్టడం. నా ఓటు రెండోదానికే. కొమ్మలు కొట్టే పనికి మాత్రం క్యాలెండరే కావాలి, ఒక్క సీజన్ వదిలేసినా అవి వైర్ల మీదికి వచ్చేస్తాయి.

గాలి గంటకు 100 కిలోమీటర్ల నుంచి 150కి పెరిగితే స్తంభం మీద ఒత్తిడి ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంపావు రెట్లవుతుంది. ఏళ్ల తరబడి నిలబడ్డ బలహీన స్తంభం ఆ రాత్రి విరుగుతుంది, విరుగుతూ వైర్లతో పక్కవాటినీ లాగేస్తుంది. ఆ బలహీనత పైకి కనబడదు. స్తంభం భూమిలోకి దిగే చోట మట్టి తవ్వి చూడాలి: చెక్కదైతే పుచ్చు, ఇనుపదైతే తుప్పు ఎక్కువగా అక్కడే మొదలవుతాయి, సిమెంటుదైతే పగుళ్లలోంచి నీళ్లు దిగి లోపలి ఊచలు తుప్పుపట్టి పెచ్చులూడుతుంటాయి. రోజుకి ఇన్ని స్తంభాలు చూడాలని టార్గెట్ పెడితే తవ్వి చూసే తీరిక ఎవరికుంటుంది?

అలాగని ముప్పు లెక్కను గుడ్డిగా నమ్మకూడదు. స్తంభం ఎప్పుడు పాతారో, అది ఒరిగిపోకుండా భూమికి లాగి కట్టే స్టే వైరు బిగువుగా ఉందో వదులైందో రికార్డు లేకపోతే అది ఉత్త అంచనాయే. పైగా జనం తక్కువున్న చివరి లైన్లు జాబితాలో ఎప్పుడూ అడుగునే ఉండిపోతాయి, ఇది నాకు అస్సలు నచ్చని విషయం. కాబట్టి ఏ లైనునైనా ఇన్నేళ్లలోపు చూసి తీరాలని ఒక గడువు పెట్టాల్సిందే.

అన్నీ భూమిలో వేసేస్తే గొడవే ఉండదుగా అంటారు చాలామంది. గాలికి, చెట్లకు అది మంచి మందే, కానీ ఖర్చు చాలా ఎక్కువ, ఫాల్ట్ వస్తే వెతికి పట్టుకోవడానికీ టైమ్ పడుతుంది. 2012లో శాండీ తుపానుకి న్యూయార్క్‌లోని దిగువ మన్‌హటన్ చీకట్లో మునిగింది. అక్కడి కేబుళ్లు చాలావరకు భూమిలోనే ఉన్నాయి, అయినా సబ్‌స్టేషన్‌లోకి ఉప్పునీరు వచ్చేసింది. వరద వచ్చే చోట ముందు సబ్‌స్టేషన్ పరికరాలను ఎత్తులో పెట్టాలి, కేబుళ్ల సంగతి తర్వాత.

డబ్బు తక్కువైతే నేను మొదట సబ్‌స్టేషన్ నుంచి ఆసుపత్రికి, నీటి పంపులకు వెళ్లే మెయిన్ లైను పట్టుకుంటాను, దాని పొడవునా అక్కడక్కడా గట్టి స్టేలున్న బలమైన స్తంభాలు వేయిస్తాను. అలా చేస్తే ఒకటి పడినా వరుసంతా పడిపోదు.