సగం ధరకే ‘ఒరిజినల్’ మినియేచర్ సైన్యం అంటున్నారా? డబ్బు పంపే ముందు ఇది చదవండి

తక్కువ ఖర్చుతో మినియేచర్ వార్‌గేమింగ్ (చిన్న బొమ్మల సైన్యాలతో బల్ల మీద ఆడే యుద్ధ క్రీడ) మొదలుపెట్టాలనుకునే మిత్రులకు, ముఖ్యంగా హన్మకొండ, కాజీపేట, కరీంనగర్ వైపు ఉంటూ వస్తువును చేతితో పట్టి చూసే వీలు లేక కేవలం ఫోటోలు చూసి కొనేవారికి ఈ హెచ్చరిక. ‘వార్‌హామర్ 40,000 స్టార్టర్ ఆర్మీ, పూర్తిగా ఒరిజినల్ ప్లాస్టిక్, విప్పనిది, సగం ధర’ అన్న ప్రకటన చూసి మా మేనల్లుడూ నేనూ కలిసి 7,800 రూపాయలు యూపీఐ ద్వారా ముందుగానే చెల్లించాము. వచ్చిన పార్సిల్‌లో ఒరిజినల్ బొమ్మ ఒక్కటీ లేదు. పదాతి దళమంతా అసలు బొమ్మల మీద సిలికాన్ అచ్చు తీసి, అందులో రెజిన్ (ద్రవంగా ఉండి తరువాత గట్టిపడే పదార్థం) పోసి తయారు చేసిన నకళ్లు. డ్రెడ్‌నాట్ అనే పెద్ద నడిచే యంత్రం మాత్రం త్రీడీ ప్రింటర్ మీద తీసినది.

అవి నకళ్లని ఎలా తేలిందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీకు పనికొచ్చేది అదే. ఆ పదాతి దళంలోని ఇంటర్‌సెసర్లు అనే సైనికుల కిట్‌ను వార్‌హామర్ ఆటను తయారు చేసే గేమ్స్ వర్క్‌షాప్ సంస్థ పాలిస్టైరీన్ ప్లాస్టిక్‌తో తయారు చేస్తుంది. ఆ సంస్థ అమ్మే వాటిలో కొన్ని రెజిన్ బొమ్మలూ ఉన్నాయి గానీ ఈ కిట్ వాటిలో లేదు. కొత్త కిట్‌లో భాగాలన్నీ స్ప్రూ అనే ప్లాస్టిక్ చట్రానికి అంటుకుని ఉంటాయి, మనమే కత్తిరించుకోవాలి. మాకు వచ్చినవి జిప్ సంచిలో విడివిడి ముక్కలు. భుజకవచాల అంచుల్లో సూదిమొన తగిలినట్టు గాలి బుడగల గుంటలు ఉన్నాయి, తుపాకీ గొట్టాలు వంగి ఉన్నాయి, అచ్చు రెండు సగాలూ సరిగా కలవక ఒక శిరస్త్రాణం మీద ముఖం సగానికి జరిగిపోయి ఉంది. ప్లాస్టిక్ జిగురు రాస్తే అసలు అంటుకోలేదు. ఆ జిగురు పాలిస్టైరీన్ ఉపరితలాన్ని కరిగించి రెండు ముక్కలను ఒకటిగా చేస్తుంది, రెజిన్ మీద దానికి ఆ శక్తి లేదు. బ్లేడుతో గీరితే ప్లాస్టిక్ సన్నని చుట్టగా లేస్తుంది. ఇవి తెల్లటి పొడిగా రాలాయి. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు కాబట్టి రెజిన్‌ను పొడిగా గీరకుండా తడిపి రుద్దాలని, మాస్కు పెట్టుకోవాలని కూడా ఇక్కడే చెప్పుకోవాలి.

డ్రెడ్‌నాట్ సంగతి ఇంతకంటే దారుణం. బయటికి చక్కగానే కనిపించింది. రెజిన్ ఆదా చేయడానికి లోపల బోలుగా ప్రింట్ చేసినప్పుడు, మిగిలిన ద్రవం బయటికి వచ్చేందుకు అడుగున రంధ్రాలు పెట్టి, లోపలి భాగాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, అతినీలలోహిత కాంతిలో ఉంచి గట్టిపరచాలి. ఈ అమ్మకందారు రంధ్రాలే పెట్టలేదు. మేము ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) కొట్టి, రంగులు వేసి, అలమరలో పెట్టిన కొన్నాళ్లకు దాని నడుము దగ్గర సన్నని చీలిక వచ్చి, అందులోంచి కారిన ద్రవం తుమ్మ జిగురులా చేతికి అంటుకుంది. గట్టిపడని రెజిన్ చర్మానికి అలర్జీ కలిగిస్తుంది. మేనల్లుడి వేళ్లకు దద్దుర్లు లేచి చర్మవైద్యుని దగ్గరికి వెళ్లవలసి వచ్చింది. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నవారు ఈ ఒక్క విషయాన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. ఇలాంటి బొమ్మ మీ దగ్గర ఇప్పటికే ఉంటే, నైట్రైల్ చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకండి.

త్రీడీ ప్రింట్ బొమ్మలే చెడ్డవని నేను అనడం లేదు. రూపకర్త దగ్గర అమ్మకానికి అనుమతి తీసుకుని, ‘ఇది ప్రింట్’ అని ముందే చెప్పి, శుభ్రంగా గట్టిపరచి అమ్మేవారి దగ్గర కొనడం బడ్జెట్‌లో మంచి మార్గమే. ప్రింట్‌నూ నకలునూ ఒరిజినల్ అని చెప్పి అమ్మడమే మోసం.

ఫిర్యాదు చేస్తే అమ్మకందారు ముందు అన్‌బాక్సింగ్ వీడియో అడిగాడు. మా దగ్గర వీడియో ఉంది, పంపించాము. అప్పుడు ‘హాబీ వస్తువులకు రిటర్న్ ఉండదు’ అన్నాడు, ఆ తరువాత మా నంబరును బ్లాక్ చేశాడు. బిల్లు ఇవ్వకపోవడం, బిల్లులో గడువు లేనప్పుడు లోపమున్న వస్తువును 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతుల కిందికి వస్తాయి. పైగా అదే చట్టం కింద అమ్మకందారు ఏ రాష్ట్రంలో ఉన్నా, కొన్నవారు తాము నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే, కారణం ఏర్పడిన రెండేళ్లలోపు ఫిర్యాదు వేయవచ్చు. మేము జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేశాము. డబ్బు తీసుకుని వస్తువే పంపని సందర్భమైతే అది సైబర్ మోసం కాబట్టి ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. ‘రీఫండ్ రావాలంటే పిన్ కొట్టండి’ అని ఎవరైనా అంటే అక్కడే ఆపేయండి. డబ్బు రావడానికి పిన్ అవసరం లేదు.

కొనే ముందు అమ్మకందారును స్ప్రూ రెండు వైపులా ఫోటో అడగండి, దాని పక్కన ఆ రోజు తేదీ, మీ పేరు రాసిన కాగితం పెట్టమనండి. నిజంగా వస్తువు చేతిలో ఉన్నవాడికి ఇది నిమిషం పని. మాకు వచ్చిన ఫోటోల్లో పెట్టె ముందు భాగం మాత్రమే ఉంది, తెరిచిన ఫోటో అడిగితే ‘సీల్ పోతే విలువ తగ్గుతుంది’ అన్నాడు. వినడానికి సబబుగానే ఉంటుంది, కానీ ఆ తరువాత పంపినది సీలే లేని సంచి.

అసలు మొదటి రోజే సైన్యం మొత్తం కొనాలన్న తొందరే ఇలాంటివారికి పెట్టుబడి. 2023లో వచ్చిన వార్‌హామర్ 40,000 పదవ ఎడిషన్ మూల నియమాలను కంపెనీయే ఉచితంగా ఇచ్చింది. వన్ పేజ్ రూల్స్ అనే మరో సంస్థ వారి ఆటల ప్రాథమిక నియమాలూ ఉచితమే, వాటికి ఏ కంపెనీ బొమ్మలైనా సరిపోతాయి. బొమ్మలకు బదులు సీసా మూతల మీద పేర్లు రాసి, అట్టపెట్టెలతో గోడలు కట్టి నాలుగు ఆటలు ఆడితే మీకు నచ్చే దళమేదో తెలుస్తుంది, అప్పుడు ఒక్క పెట్టె కొనుక్కోవచ్చు. రంగుల కోసం విదేశీ డబ్బాలే అక్కర్లేదు. స్టేషనరీ దుకాణంలో దొరికే అక్రిలిక్ రంగులను నీళ్లు కలిపి పలుచని పొరలుగా వేస్తే నేర్చుకునే దశకు చాలు. బ్రష్ విషయంలో మాత్రం పిసినారితనం వద్దు.

ఈ అమ్మకందారు ఖాతా పేరు మార్చి మళ్లీ ప్రకటనలు పెడుతున్నాడు, ఈసారి కిట్ పేరు కూడా వేరు. ఫోటోలు మాత్రం అవే: పెట్టె కింద ఆకుపచ్చ కటింగ్ మ్యాట్, దాని ఎడమ మూలలో గుండ్రంగా కాలిన మచ్చ. ఆ మచ్చ కనిపిస్తే డబ్బు పంపకండి.