రాస్ప్‌బెర్రీ పై 4తో ఇంట్లోనే టీవీ రికార్డింగ్: అమలాపురం నుంచి ఒక సమీక్ష

అమ్మ కోసం సప్తగిరి చానల్ కచేరీలను భద్రపరచాలని, అరచేతిలో ఇమిడే చిన్న కంప్యూటరు రాస్ప్‌బెర్రీ పై 4కు దాని లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు సరిపడే డ్రైవరు ఉన్న డీవీబీ-ఎస్2 (ఉపగ్రహ టీవీ సిగ్నల్‌ను అందుకునే) యూఎస్‌బీ ట్యూనరును కలిపి, డాబా మీది ఫ్రీ డిష్ (దూరదర్శన్ ఉచిత డీటీహెచ్) కేబులును దానికి తగిలించి, ఉచితంగా దొరికే టీవీ రికార్డింగ్ సర్వరు సాఫ్ట్‌వేర్ టీవీహెడ్‌ఎండ్‌ను ఎక్కించాను. ప్రసారాన్ని మార్చకుండా యథాతథంగా రాసుకుంటుంది కనుక ప్రాసెసరుపై భారం దాదాపు లేదు. సెకనుకు 4 మెగాబిట్ల చానల్ గంటకు సుమారు 1.8 జీబీ తీసుకుంటుంది. నాలుగు నెలలుగా రాత్రింబవళ్లు నమ్మకంగా నడుస్తోంది.

రికార్డింగులను మెమరీ కార్డులో కాక విడి డిస్కులోనే ఉంచాలి. మా కోనసీమలో గాలివానకు కరెంటు పోయిన ఒక సాయంత్రం నా మొదటి కార్డు పాడై, సెట్టింగులన్నీ పోయాయి. ఆ తరువాతే చిన్న యూపీఎస్ కొన్నాను. జోరువానలో సిగ్నల్ సన్నగిల్లి బొమ్మ గళ్లుగళ్లుగా విరిగిపోవడాన్ని మాత్రం ఏ సర్వరూ ఆపలేదు. కార్యక్రమానికి ముందూ వెనకా 10 నిమిషాలు అదనంగా పెట్టుకోండి. చివరి మంగళం తెగిపోతే అమ్మ చిన్నబుచ్చుకుంటుంది.