రామోజీ ఫిల్మ్ సిటీ వైల్డ్ వెస్ట్ షో: పెదనాన్న కోసం వెళ్లాం

సంక్రాంతికి మా వాళ్లం 23 మందిమి ఒకచోట చేరాం. కనుమ మర్నాడు ఎల్బీ నగర్ నుంచి మినీ బస్సు మాట్లాడుకుని వెళ్లాం. మిగతావి ఎలా ఉన్నా, కౌబాయ్ సినిమాల్లోలా తుపాకీ ఫైటింగులు చేసి చూపించే వైల్డ్ వెస్ట్ స్టంట్ షో మాత్రం వదులుకోకండి. మొదటి తుపాకీ మోతకి మా చిన్నది చెవులు మూసుకుని నా ఒళ్లో దూరింది. రెండు నిమిషాలకే లేచి నిలబడి ఒకటే చప్పట్లు!

పెదనాన్నకి 72 ఏళ్లు. 1971లో కృష్ణగారు కౌబాయ్‌గా చేసిన ‘మోసగాళ్లకు మోసగాడు’ కుర్రతనంలో నేల టికెట్‌లో చూశారట. షో అయ్యేదాకా నా చెయ్యి వదల్లేదు. వేళ్లు వణుకుతూనే ఉన్నాయి. “మళ్లీ ఆ హాల్లో కూర్చున్నట్టుందే అమ్మాయ్” అన్నారు. నాకు టికెట్ డబ్బులు అక్కడే తీరిపోయాయి.

షో టైమ్ లోపలికి వెళ్లగానే కనుక్కోండి. పెద్దవాళ్లుంటే పావుగంట ముందే వెళ్లి కూర్చోండి, టోపీ, నీళ్ల సీసా మర్చిపోవద్దు.