క్లే కోర్టు ఫైనల్ ముందు ఫామ్ లెక్క: టెన్నిస్ అబ్‌స్ట్రాక్ట్ ఎంతవరకు పనికొస్తుంది?

మహిళల ఫైనల్ ముందు రోజు ఎక్కడ చర్చ జరిగినా రెండు అంకెల చుట్టూనే తిరుగుతుంది: ర్యాంకు, ముఖాముఖి రికార్డు. 2025లో పారిస్‌లో, అంటే ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్ ముందు, అరీనా సబలెంకా నంబర్ 1, కోకో గాఫ్ నంబర్ 2, అప్పటికి ముఖాముఖి 5-5. ఆ పదింటిలో క్లే, అంటే మట్టి కోర్టు, మీద జరిగినవి రెండే. 2021 రోమ్‌లో గాఫ్ గెలిచింది, 2025 మాడ్రిడ్ ఫైనల్లో 6-3, 7-6తో సబలెంకా గెలిచింది. అంటే ఈ అంకెలు పట్టుకుని ఎటూ తేల్చలేం. ఇంకాస్త లోతుకి వెళ్లాలనుకునేవాళ్లకి జెఫ్ సాక్‌మన్ నడిపే టెన్నిస్ గణాంకాల సైట్ టెన్నిస్ అబ్‌స్ట్రాక్ట్ ఇప్పటికీ మంచి దారి. పైసా ఖర్చు లేదు. 5కి 4 మార్కులు ఇవ్వొచ్చు. ఆ ఒక్క మార్కు ఎందుకు పోయిందో చెప్పడానికి 2025 ఫైనలే సరైన ఉదాహరణ.

సైట్ తెరవగానే చాలామంది వెళ్లేది ఎలో రేటింగ్స్ పట్టికకి. చదరంగంలోంచి వచ్చిన లెక్క ఇది. బలమైన ప్రత్యర్థిని ఓడిస్తే ఎక్కువ పాయింట్లు, బలహీనురాలిని ఓడిస్తే తక్కువ. ఇద్దరి మధ్య తేడా 100 అయితే పైనున్న ఆమెకి గెలిచే అవకాశం 64 శాతం, 200 అయితే 76 శాతం. క్లేకి విడిగా ఒక వరుస ఉంటుంది. అందులో క్లే ఫలితాలతో పాటు మొత్తం రేటింగ్‌ని కూడా సగం సగం కలుపుతారు. ఇది తెలివైన పనే. క్లే సీజన్ రెండు నెలలే కాబట్టి క్లే మ్యాచ్‌లు మాత్రమే తీసుకుంటే లెక్క ఊగిపోతుంది. పట్టిక పైన చివరి అప్‌డేట్ తేదీ తప్పకుండా చూడండి. టోర్నీ నడుస్తుండగా ఆ పక్షం రోజుల మ్యాచ్‌లు అందులో చేరి ఉండకపోవచ్చు.

అసలు ఇబ్బంది ఏమిటంటే, ఈ లెక్కకి క్లే అంతా ఒకటే. ఆటలో అలా ఉండదు. మాడ్రిడ్ సముద్రమట్టానికి సుమారు 650 మీటర్ల ఎత్తులో ఉంది. గాలి పల్చన, బంతి దూసుకెళ్తుంది, గట్టిగా కొట్టేవాళ్లకి లాభం. స్టట్‌గార్ట్‌లో క్లే ఉన్నా కోర్టు ఇండోర్, గాలి ఊసే ఉండదు. రోమ్, పారిస్ నెమ్మది. తేమ పెరిగితే బంతి మట్టి పట్టి బరువెక్కుతుంది. సబలెంకా 2025లో మాడ్రిడ్ గెలిచింది, స్టట్‌గార్ట్‌లో ఫైనల్ చేరి యెలెనా ఒస్తాపెంకో చేతిలో 4-6, 1-6తో ఓడింది. రోమ్‌లో మాత్రం క్వార్టర్స్‌లోనే జెంగ్ కిన్‌వెన్ ఆపేసింది. గాఫ్ మాడ్రిడ్, రోమ్ రెండింట్లోనూ రన్నరప్. రోమ్ సెమీస్‌లో అదే జెంగ్‌ని మూడున్నర గంటల పోరులో 7-6, 4-6, 7-6తో దాటింది. పారిస్‌కి దగ్గరగా ఉండే క్లే రోమ్‌దే కాబట్టి ఫైనల్ అంచనాలో దానికి ఎక్కువ బరువు ఇవ్వాలి. ఆ పని సైట్ చేయదు, చూసేవాళ్లే చేసుకోవాలి.

అందుకే ఎలో దగ్గర ఎక్కువసేపు ఆగకుండా క్రీడాకారిణి పేజీకి వెళ్లాలి. సైట్ విలువంతా అక్కడే ఉంది. ఫిల్టర్లలో సర్ఫేస్ (కోర్టు రకం) దగ్గర క్లే ఎంచుకోండి. కాలం దగ్గర గత 52 వారాలు పెడితే పోయిన ఏడాది పారిస్ కూడా వచ్చి కలుస్తుంది కాబట్టి ఈ ఏడాది వరకే కుదించండి. గాఫ్‌కీ సబలెంకాకీ అలా ఫైనల్ ముందు దాదాపు 20 మ్యాచ్‌ల చొప్పున మిగులుతాయి. ఆపైన ప్రత్యర్థి ర్యాంకు ఫిల్టర్‌తో టాప్ 20 మీద ఆడినవి వేరు చేయండి. మొదటి రెండు మూడు రౌండ్లలో 6-1, 6-0 స్కోర్లు ఫామ్ గురించి చెప్పేది చాలా తక్కువ.

మ్యాచ్ వరుసలో డీఆర్ అనే గడి ఉంటుంది, అంటే డామినెన్స్ రేషియో. ప్రత్యర్థి సర్వీస్ మీద గెలిచిన పాయింట్ల శాతాన్ని, తన సర్వీస్ మీద పోగొట్టుకున్న పాయింట్ల శాతంతో భాగిస్తే వచ్చేది. రిటర్న్‌లో 50 శాతం గెలిచి, సర్వీస్‌లో 40 శాతం పోగొట్టుకుంటే 1.25. ఒకటి దాటితే పైచేయి అన్నమాట. స్కోరు దాచిపెట్టే విషయాలు ఇందులో బయటపడతాయి. టైబ్రేక్‌లో (6-6 దగ్గర సెట్‌ని తేల్చే గేమ్) అదృష్టం కలిసొచ్చి గెలిచిన మ్యాచ్‌లో డీఆర్ ఒకటికి దిగువన కూడా ఉండొచ్చు.

క్లే ఫైనల్‌కి అన్నిటికన్నా ముఖ్యం రెండో సర్వీస్ పాయింట్ల గడి. మట్టి మీద పడ్డాక మొదటి సర్వీస్ వేగం తగ్గి బంతి పైకి లేస్తుంది, ఏస్‌లు (ప్రత్యర్థి తాకలేని సర్వీసులు) తగ్గుతాయి. రెండో సర్వీస్‌కి రిటర్నర్ ముందుకొచ్చి కొట్టేంత సమయం దొరుకుతుంది. మహిళల టెన్నిస్‌లో రెండో సర్వీస్ మీద గెలిచేది మామూలుగా 45 శాతం దరిదాపుల్లో ఉంటుంది. వరుసగా నాలుగైదు మ్యాచ్‌లు, అదీ మంచి ప్రత్యర్థుల మీద, 50 దాటుతుంటే ఆమె నిజంగా ఫామ్‌లో ఉన్నట్టు. 40 కిందికి జారుతుంటే గెలుస్తున్నా సరే అనుమానించాలి.

ఇక్కడో చిక్కుంది. ఆ శాతంలో డబుల్ ఫాల్ట్‌లు, అంటే రెండు సర్వీసులూ తప్పి పోగొట్టుకున్న పాయింట్లు, కూడా కలిసే ఉంటాయి. ఉదాహరణకి 30 రెండో సర్వీస్ పాయింట్లలో 10 డబుల్ ఫాల్ట్‌లు, 12 గెలుపులు అనుకోండి. గడిలో కనిపించేది 40 శాతం. డబుల్ ఫాల్ట్‌లు తీసేస్తే 20లో 12, అంటే 60 శాతం. బంతి ఆటలో పడితే ఆమె గెలుస్తోంది, చెడుతున్నది సర్వీస్ మాత్రమే. గాఫ్‌ని అంచనా వేసేవాళ్లకి ఈ తీసివేత రాకపోతే పప్పులో కాలేసినట్టే. 2024 యూఎస్ ఓపెన్ నాలుగో రౌండ్‌లో ఎమ్మా నవారో మీద ఆమె డబుల్ ఫాల్ట్‌లు 19. 2025 పారిస్ క్వార్టర్స్‌లో మాడిసన్ కీస్ మీద 10, అయినా 6-7, 6-4, 6-1తో నిలిచింది. ఈ బలహీనత ఆమెకి పాతదే. అది ఒక్కటే చూసి ఫామ్ పోయిందని తేల్చడం తప్పు. రిటర్న్ అంకెల వరుసకి మారి, ప్రత్యర్థి రెండో సర్వీస్ మీద ఎంత గెలుస్తోందో చూస్తేనే బొమ్మ పూర్తవుతుంది. గాఫ్ బలం అక్కడుంది.

బ్రేక్ పాయింట్లు (తన సర్వీస్ గేమ్ పోయే అంచున ఆడే పాయింట్లు) కాపాడుకున్న శాతాన్ని ఈ పనికి వాడకండి. మ్యాచ్‌కి ఏడెనిమిది పాయింట్లు, ఒకటి అటూ ఇటూ అయితే పది శాతానికి పైగా మారిపోతుంది.

సెమీఫైనల్ స్కోర్లని చదవడంలో కూడా జాగ్రత్త పడాలి. గాఫ్ సెమీస్‌లో లోయిస్ బోసన్‌ని 6-1, 6-2తో ఓడించింది. బోసన్ అప్పటికి 361వ ర్యాంకులో, నిర్వాహకులిచ్చే వైల్డ్ కార్డు మీద వచ్చిన అమ్మాయి. కానీ జెస్సికా పెగులా, మిర్రా ఆండ్రీవాలను ఓడించి అక్కడిదాకా వచ్చింది. ఇలా హఠాత్తుగా ఎదిగినవాళ్ల విషయంలో ఎలో వెనకబడుతుంది, ఆ గెలుపు విలువ తక్కువగా కడుతుంది. మరోవైపు సబలెంకా, పారిస్‌లో వరుసగా 26 గెలుపుల మీదున్న ఇగా స్వైటెక్‌ని 7-6, 4-6, 6-0తో ఆపింది. చివరి సెట్ 22 నిమిషాలే. ఆ సెట్‌లో సబలెంకా అనవసర తప్పిదం (ప్రత్యర్థి ఒత్తిడి లేకుండానే చేసే తప్పు) ఒక్కటీ చేయలేదు. అంకెలు చూసినవాళ్లెవరైనా ఆమెకే మొగ్గుతారు, మొగ్గారు కూడా.

కానీ ఫైనల్లో సబలెంకా అనవసర తప్పిదాలు 70, గాఫ్‌వి 30. సబలెంకా తొలి సెట్‌లో 4-1తో ముందుండి కూడా టైబ్రేక్ దాకా లాక్కొచ్చి గెలిచింది. తర్వాత 2-6, 4-6తో మ్యాచ్ పోయింది. మొత్తం 2 గంటల 38 నిమిషాలు. కారణం పట్టికలో ఏ గడిలోనూ లేదు. సెమీస్ మూసిన పైకప్పు కింద జరిగింది. ఫైనల్ రోజు కప్పు తెరిచి ఉంది, ఈదురుగాలి. నెట్ మీదుగా తక్కువ ఎత్తులో బలంగా కొట్టే ఆటకి గాలిలో పొరపాటుకి చోటుండదు. బంతి ఆఖరి క్షణంలో పక్కకి జరిగితే పాదాలు సర్దుకునేలోపే దెబ్బ పడిపోతుంది. పరుగెత్తి మరో బంతి వెనక్కి పంపగలిగే గాఫ్‌కి ఆ వాతావరణం కలిసొచ్చింది. సైట్‌లో పైకప్పు, గాలి, ఉష్ణోగ్రత నమోదు కావు. పోయిన మార్కు ఇదే. పారిస్ మహిళల ఫైనల్ మన టైమ్‌లో శనివారం సాయంత్రం ఆరున్నరకి మొదలవుతుంది. ఐదున్నరకి అక్కడి వాతావరణం చూసి అంచనా సవరించుకోవాలి. గాలి బలంగా ఉంటే టాప్‌స్పిన్ ఎక్కువగా, కాళ్లలో చురుకుగా ఉన్న ఆమె వైపు జరపండి. కప్పు మూస్తే శుభ్రంగా, బలంగా కొట్టే ఆమె వైపు జరపండి.

అనవసర తప్పిదాల లెక్క మామూలు మ్యాచ్ వరుసలో కనబడదు. దానికోసం మ్యాచ్ చార్టింగ్ ప్రాజెక్ట్ పేజీలకి వెళ్లాలి. 2013 నుంచి అభిమానులు మ్యాచ్‌లు చూస్తూ ఒక్కో షాట్‌ని రాసిపెట్టిన నిధి అది. ర్యాలీ ఎన్ని షాట్ల పాటు సాగితే ఎవరు గెలుస్తున్నారు, ఫోర్‌హ్యాండ్ ఎటు కొడుతున్నారు, సర్వీస్ ఎటు వేస్తున్నారు, అన్నీ దొరుకుతాయి. గాఫ్‌ని చూసేటప్పుడు ఫోర్‌హ్యాండ్ తప్పిదాలు, సబలెంకాని చూసేటప్పుడు పొడవాటి ర్యాలీల్లో ఫలితం, ఈ రెండూ చూస్తే చాలావరకు తెలుస్తుంది. అయితే అన్ని మ్యాచ్‌లూ ఉండవు, ఎవరైనా ఓపిగ్గా కూర్చుని రాస్తేనే ఉంటాయి. ఏది అనవసరం, ఏది ప్రత్యర్థి చేయించింది అన్నది రాసేవారి కంటిని బట్టి మారుతుంది. అధికారిక లెక్కతో ఐదారు తేడా వచ్చినా కంగారు పడక్కర్లేదు.

ఫోన్‌లో వాడేవాళ్లు అడ్డంగా తిప్పుకుని చూడాలి, పట్టికలు అంత వెడల్పు. గ్రాఫులు, రంగులు ఆశించొద్దు. గడుల పేర్లన్నీ పొడి అక్షరాల్లో ఉంటాయి, అలవాటు కావడానికి ఒక సాయంత్రం పడుతుంది. మన శ్రీవల్లి రష్మిక, సహజ యమలపల్లి లాంటివాళ్లని ఇలాగే తూచాలనుకుంటే మాత్రం సరుకు తక్కువ. ఐటీఎఫ్ స్థాయి (చిన్న టోర్నీల) మ్యాచ్‌లకి స్కోర్లు దొరుకుతాయి, సర్వీస్ గడులు చాలావరకు ఖాళీగానే ఉంటాయి.