గంటస్తంభం వెనక సందులో టిఫిన్: దసరాకి మా విజయనగరం

విజయనగరం వెళ్తున్నాం, ఏ లాడ్జి బాగుంటుంది అని ఎవరైనా అడిగితే, ముందు పొద్దున్న టిఫిన్ ఎక్కడ చేద్దామనుకుంటున్నారో చెప్పండి అంటాను. వాళ్ళు నవ్వుతారు గానీ నేను సీరియస్‌గానే అంటాను. గదులు ఊరంతా దాదాపు ఒకే రకం. టిఫిన్ మాత్రం సందుసందుకీ మారుతుంది, గంటగంటకీ మారుతుంది. ఏడున్నరకి దొరికింది తొమ్మిదిన్నరకి ఉండదు. మా ఊళ్ళో తిండికి బోర్డు చూసి వెళ్ళకూడదు, టైము చూసుకుని వెళ్ళాలి.

ఈ దసరాకి పైడితల్లమ్మ సిరిమాను జాతర చూద్దామని నేనూ, మా తమ్ముడూ పిల్లాపాపలతో, అమ్మని వెంటబెట్టుకుని హైదరాబాద్ నుంచి బయల్దేరాం. నాన్న పోయాక ఇల్లు అమ్మేశాం కాబట్టి సొంత ఊళ్ళో లాడ్జిలో దిగాల్సి వచ్చింది. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ తెల్లవారుజామున దింపేసింది. స్టేషన్ బయట ఆటోవాడు "ఏ ఊరమ్మా మీది?" అన్నాడు. ఇదే ఊరు అంటే సామాన్లు చూసి నమ్మినట్టు లేదు.

బస చేయడానికి మా ఊళ్ళో రెండు వైపులున్నాయి. ఆర్టీసీ కాంప్లెక్స్ వైపు కొత్త బిల్డింగులు, లిఫ్టు, కారు పెట్టుకునే జాగా. కాకపోతే తెల్లారకుండానే బస్సుల హారన్లు మొదలు. కోట, గంటస్తంభం వైపు పాత లాడ్జీలు. మెట్లు నిట్టనిలువుగా ఉంటాయి, బాత్రూములు పాతకాలంవి, కానీ కిందికి దిగితే బజారే. అమ్మకి మోకాళ్ళ నొప్పులు కాబట్టి కాంప్లెక్స్ వైపే తీసుకున్నాం. ఇద్దరే అయితే, వయసులో ఉంటే, బజారు వైపే దిగమంటాను. పొద్దున్నే పళ్ళు తోముకుని నడుచుకుంటూ ఇడ్లీల దగ్గరికి వెళ్ళడంలో ఉన్న సుఖం లిఫ్టులో లేదు.

మేం దిగిన లాడ్జి పేరు చెప్పను. ఫోన్‌లో ఒక రేటు చెప్పి, దిగాక "పండగ కదండీ" అని ఇంకో రేటు చెప్పారు. రోజంతా వేడినీళ్ళు అన్నారు, తీరా చూస్తే పొద్దున్న రెండు గంటలే. "అప్పా, నువ్వు మాట్లాడు, నాకు కోపం వస్తోంది" అని తమ్ముడు పక్కకి తప్పుకున్నాడు (మా వైపు అక్కని అప్ప అంటాం). మాట్లాడితే రేటు తగ్గలేదు గానీ అమ్మకి ఇంకో పరుపు ఊరికే వేశారు. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, రాత్రి కాపలా ఉన్నాయన మర్యాదస్తుడు. సిరిమాను వారంలో వెళ్ళేవాళ్ళు గది నెలముందే చెప్పుకుని, రేటు వాట్సాప్‌లో రాయించుకోండి. జిల్లా మొత్తం ఊళ్ళోనే ఉంటుంది ఆ రెండు రోజులూ.

ఇక అసలు సంగతి. గంటస్తంభం 1885లో కట్టింది, ఎనిమిది పలకల రాతి కట్టడం. ఊళ్ళో ఎవరికి దారి చెప్పాలన్నా అక్కడి నుంచే మొదలెడతాం. దాని వెనక సందులో ఉన్న టిఫిన్ హోటల్‌కి మా చిన్నప్పుడు బోర్డు ఉండేది కాదు, ఇప్పుడు ఉన్నా ఎవరూ ఆ పేరుతో పిలవరు. లోపల ఆరు బల్లలు, బయట అరుగు. ఖాళీ లేకపోతే తింటున్నవాళ్ళ వెనకాలే నిలబడాలి. హైదరాబాద్‌లో పెరిగిన మా మరదలికి ఇది అస్సలు నచ్చలేదు. తినేవాడి నెత్తి మీద నిలబడడమేంటి వదినా అంది. అరుగు మీదే తినేద్దాం పద అన్నాను.

ఇడ్లీ చిన్నది. పైన కారప్పొడి, దాని మీద నెయ్యి, పక్కన కొబ్బరి చట్నీ, అల్లం చట్నీ. ఇవి ఎక్కడైనా ఉంటాయి. ఇక్కడ చూడాల్సింది పూరీలోకి పోసే బొంబాయి చట్నీ. శనగపిండి ఉండకట్టకుండా నీళ్ళలో కలుపుకుని, పోపులో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం మగ్గాక అందులో పోసి, గరిటె ఆపకుండా తిప్పుతారు. పిండి పచ్చివాసన పోవాలి, అలాగని ముద్దకట్టకూడదు. పళ్ళెంలో పోస్తే అంచుదాకా మెల్లగా పారాలి. దించాక నిమ్మరసం. చాలాచోట్ల పొద్దున్నే గిన్నెడు కాచి పెట్టేసి, చిక్కబడ్డాక వేడినీళ్ళు కలుపుతుంటారు. ఇక్కడ కొంచెం కొంచెంగా మళ్ళీ మళ్ళీ కాస్తారు. అందుకే పూరీ ఆర్డరిస్తే ఒక్కోసారి ఆగాల్సి వస్తుంది.

ఆ ఆగినప్పుడే సర్వరు గొంతు వినిపించింది. "ఉండండమ్మా, చట్నీ ఉడుకుతంది, ఒట్టుకొస్తన్నాను." మా పిల్ల నా మొహంలోకి చూసింది. నేనూ ఇలాగే మాట్లాడేదాన్నని అమ్మ చెబితే నవ్వు ఆపుకోలేకపోయింది. పెద్దవాళ్ళం నలుగురం, పిల్లలు ముగ్గురు కడుపునిండా తిని, కాఫీలు తాగితే బిల్లు 600 లోపే. ఒకటే లోటు, చేతులు కడుక్కునే చోటు ఇరుకు, నీళ్ళెప్పుడూ కాళ్ళమీద పడుతుంటాయి. అది అప్పుడూ అంతే.

నాన్నకి జీతం వచ్చిన మొదటి ఆదివారం మమ్మల్ని హోటల్‌కి తీసుకెళ్ళేవారు. ఈ సందుది కాదు, కోట జంక్షన్ దగ్గర కొంచెం పెద్దది, ఇప్పుడు లేదు, ఆ చోట సెల్‌ఫోన్ల షాపు ఉంది. పాలరాయి బల్లలు, గోడమీద "ఇచ్చట రాజకీయములు మాట్లాడరాదు" అని రాసి ఉండేది. దాని కిందే కూర్చుని రాజకీయాలే మాట్లాడుకునేవాళ్ళు. ఆడవాళ్ళకీ పిల్లలకీ కర్టెను కట్టిన ఫ్యామిలీ రూము వేరే. బయట ఏం జరుగుతోందో కనబడదని నాకు అందులో కూర్చోవడం ఇష్టం ఉండేది కాదు. అమ్మకి మాత్రం అదే ఇష్టం, అక్కడైతే నిదానంగా తినొచ్చు అనేది. నాన్న అందరికీ మసాలా అట్టు చెప్పి, తను సాదా అట్టు తినేవారు. మసాలా అట్టు పడదురా అనేవారు, మేం నమ్మేవాళ్ళం.

వచ్చేటప్పుడు మామ్మకి పార్శిల్. ఆ పార్శిల్ కట్టే మనిషి పక్కన నిలబడి చూడడం నాకు పెద్ద కాలక్షేపం. ముందు న్యూస్‌పేపరు, మీద అరిటాకు ముక్క, అందులో గారెలు, చట్నీకి ఇంకో చిన్న ఆకు పొట్లం. నెత్తిమీద ఇనపచువ్వకి పురికొస ఉండ వేలాడుతుండేది. దాన్ని లాగి పొట్లానికి అడ్డంగా రెండు, నిలువుగా రెండు చుట్లు తిప్పి, వేలికి మెలేసి టప్పున తెంపేవాడు. కత్తెర వాడడం నేనెప్పుడూ చూడలేదు. ఇప్పుడన్నీ ప్లాస్టిక్ డబ్బాలే. సాంబారు ఒలకదు, నిజమే. వేడిగారె డబ్బాలో పెడితే మాత్రం ఇంటికెళ్ళేసరికి చెమట పట్టి మెత్తబడిపోతుంది.

పిల్లల మాట కాదనలేక ఒక రాత్రి ఏసీ రెస్టారెంట్‌కి వెళ్ళాం. నాలుగు పేజీల మెనూలో సగం అయిపోయాయన్నారు, ఫ్రైడ్ రైస్ రావడానికి ముప్పావు గంట పట్టింది, అదీ చల్లగా వచ్చింది. ఫ్రైడ్ రైస్ తినడానికి విజయనగరం దాకా రావాలా అని తమ్ముడు గొణిగాడు. అంతకంటే రాయాల్సింది ఏమీ లేదు.

మధ్యాహ్నం భోజనానికి మెస్సులు నయం. పెద్ద హోటళ్ళలో గిన్నెలు ఎక్కువ ఉంటాయి, రుచి మాత్రం అన్నింటికీ ఒక్కటే. స్టేషన్ రోడ్డు దగ్గర ఇంట్లోనే నడిపే ఒక మెస్సులో ముద్దపప్పు, ఆవకాయ, గుమ్మడికాయ దప్పళం, చారు, గడ్డపెరుగు పెట్టారు. మేం వెళ్ళిన రోజు పనసపొట్టు కూర ఉంది. ఆవ నూరి, దించాక కలిపారు. పొయ్యి మీదుండగా కలిపితే చేదొస్తుంది. ముక్కులోకి ఆ ఘాటు ఎక్కాలి, మా పిల్లవాడికి ఎక్కింది, కళ్ళల్లో నీళ్ళు. దప్పళంలో బెల్లం ఎక్కువైందని మరదలు అంది. మా వైపు అంతేనమ్మా అని వడ్డించే ఆవిడ ఇంకో గరిటె వేసింది. ఒంటిగంట లోపు వెళ్ళండి, రెండింటికి కూరలు అయిపోతాయి.

పండగ రెండు రోజులూ లెక్క వేరు. దసరా తర్వాత వచ్చే మంగళవారం సిరిమాను, ముందురోజు సోమవారం తొలేళ్ళు. తొలేళ్ళ రాత్రి ఊరు నిద్రపోదు. మూడులాంతర్ల దగ్గర పైడితల్లమ్మ చదురుగుడి చుట్టుపక్కలంతా బళ్ళే: మిరపకాయ బజ్జీ, అరటికాయ బజ్జీ, మరమరాల మిక్చర్, జీళ్ళు, ఖర్జూరం. బజ్జీల బండి ఎంచుకోవడానికి నా పద్ధతి ఒకటే, నూనె రంగు చూస్తాను. జనం ఎక్కువున్న బండి దగ్గర నూనె నల్లగా ఉంటే జనం లేని బండికే వెళ్తాను. వాము కూరిన బజ్జీ మధ్యకి చీల్చి, ఉల్లిపాయలు పెట్టి, నిమ్మకాయ పిండి ఇచ్చాడు. పిల్లలు కారం కారం అంటూనే రెండోది అడిగారు.

సిరిమాను రోజు మధ్యాహ్నం నుంచి బజారులోకి బండి పోదు, తిండికి వెళ్ళి తిరిగి రావడం కుదిరే పని కాదు. పదకొండు గంటలకే భోజనం ముగించి, నీళ్ళసీసాలతో చోటు చూసుకుని నిలబడ్డాం. ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు వస్తాయి, ఆ వెనక సిరిమాను, అంటే బండి మీద పైకి లేపిన పొడవాటి చింతమాను, దాని చివర ఆసనంలో పూజారి. చదురుగుడి నుంచి కోటదాకా మూడుసార్లు తిరుగుతుంది. జనం అరటిపళ్ళు విసురుతుంటే ఒకటి వచ్చి మా తమ్ముడి భుజానికి తగిలింది, అమ్మ దాన్ని తీసి ప్రసాదమని అందరికీ తలా ముక్క పెట్టింది. ఆ సాయంత్రం కాఫీ కోసం అరగంట నిలబడ్డాం. ఊరు జాతరలో ఉన్నప్పుడు సర్వీసు గురించి ఫిర్యాదు చెయ్యడం ధర్మం కాదు.

మర్నాడు కారు మాట్లాడుకుని శ్రీకాకుళం. దారి డెబ్భై కిలోమీటర్లు. అరసవల్లి సూర్యనారాయణమూర్తి దర్శనం ఆదివారం కాకుండా వెళ్తే తొందరగా అయిపోతుంది. తర్వాత ఏడురోడ్ల జంక్షన్ దగ్గర మాంసాహారం భోజనం. మా ఊరు టిఫిన్లలో గొప్పే గానీ చేపల పులుసు దగ్గర శ్రీకాకుళానికి దండం పెట్టాల్సిందే. సముద్రం దగ్గర, నాగావళి ఊళ్ళోంచే పారుతుంది, చేపకి కొదవ లేదు. పులుసులో చింతపండు, పచ్చిమిర్చి, ముక్క చెదరలేదు. గదుల సంగతి నేను చెప్పలేను, రాత్రికి వెనక్కి వచ్చేశాం. డ్రైవరు మంచివాడు, భోజనానికి ఎక్కడ ఆపాలో అతనే చెప్పాడు. పలాస జీడిపప్పు అక్కడే కొన్నాం, గుడ్లు అంటే నిండు పప్పులు, బద్దలు అంటే చీలినవి, వేరువేరు రేట్లు. కూరల్లోకి బద్దలు చాలు.

ఇంటికి తేవాల్సింది ఒకటే, భీమాలి మామిడి తాండ్ర. మా జిల్లాదే. ఎండాకాలంలో చాపల మీద మామిడి రసం పూసి, ఆరాక మీద ఇంకో పూత, అలా రోజుల తరబడి పొరలు కడతారు. దసరాకి దొరికేది ఎండల్లో చేసి దాచిందే, అయినా బాగుంటుంది. కొనేటప్పుడు అంచు విరిచి చూడండి, పొరలు కనబడాలి. మరీ ఒకే రంగులో నిగనిగలాడుతుంటే నేను కొనను.

తిరుగురైలుకి అదే సందులో పార్శిల్ కట్టించాం. ఇడ్లీలకి కారప్పొడి, నెయ్యి వేయించండి, కొబ్బరి చట్నీ మాత్రం వద్దనండి, విశాఖపట్నం దాటాక పులిసిపోతుంది. పులిహోర అడిగితే కడతారు గానీ ముందురోజే చెప్పాలి.