వెలిగొండల్లో సర్వే రాయి వెతకడానికి సర్వే ఆఫ్ ఇండియా మ్యాపు

ఉదయగిరి వైపు వెలిగొండల్లో బాట వదిలి పాత సర్వే రాయిని (కొలతల కోసం సర్వేవాళ్లు బండ మీద గుర్తు చెక్కిన చోటు) వెతకాలంటే సర్వే ఆఫ్ ఇండియా ఓపెన్ సిరీస్ మ్యాపును మించింది లేదు. ఆన్‌లైన్‌లో ఉచితం. స్కేలు 1:50,000. చిన్న త్రిభుజం, పక్కన ఎత్తు ఉంటే అదే సర్వే గుర్తు.

ప్రింటు దగ్గర జాగ్రత్త. జిరాక్సు షాపులో కాగితానికి సరిపోయేలా కుదిస్తే స్కేలు పోతుంది. స్కేలు గీత మీద కిలోమీటరు సరిగ్గా 2 సెంటీమీటర్లు ఉండాలి. పెన్సిల్ ఒక్క మిల్లీమీటరు జరిగితే కొండ మీద 50 మీటర్ల తేడా! పాత టోపోషీటు (పాత సర్వే మ్యాపు) మీది అక్షాంశ, రేఖాంశ అంకెలను ఫోన్ జీపీఎస్‌లో నేరుగా కొట్టొద్దు. అవి ఎవరెస్టు డేటం (స్థానాలు లెక్కగట్టే పాత ఆధారం) లెక్కలు, ఫోనుది డబ్ల్యూజీఎస్ 84 అనే వేరే ఆధారం. వందల మీటర్లు పక్కకు పోతారు.

మ్యాపు చెప్పనిది కలివి కంప. వాగులో దిగితే ఇరుక్కుపోతారు, గట్టు వెన్ను పట్టుకుని ఎక్కండి. పైన రాళ్లకుప్ప కనిపిస్తే దాన్ని కదిలించకుండా చుట్టూ బండ మీద చూడండి: చెక్కిన వలయం, నడుమ చుక్క. ఎండ ఏటవాలుగా పడే పొద్దున పూటే ఆ గీత తేలుతుంది.

మనిషికి 4 లీటర్ల నీళ్లు, అటవీ రేంజి ఆఫీసు అనుమతి తప్పనిసరి.